పడని మందు

"చిన్నోడా, తలుపు తియ్యి. ఎంతసేపురా లోపల?"

అత్తగారు బాత్రూము తలుపు మీద కొట్టడం అది నాలుగోసారి. లోపల పంపు చప్పుడు లేదు, దగ్గు లేదు, మనిషి ఉన్న అలికిడే లేదు. జ్వరం దిగి రెండు రోజులైంది. నిన్న సాయంత్రం నాలుగు ముద్దలు తిని, వదిన మీద రెండు జోకులు వేసి పడుకున్నవాడు, తెల్లవారి లేచి ఇలా తలుపేసుకున్నాడు.

"వస్తున్నానమ్మా," అంది లోపలి గొంతు.

చిన్నోడి గొంతులా లేదు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు గుంట అడుగున నిలబడి ఆరో అంతస్తులో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే తొమ్మిదో అంతస్తువాడు పలికేవాడు. అలాంటి గొంతు ఇప్పుడు ఒక్క తలుపు దాటి రావడానికి ఆయాసపడుతోంది.

"పొద్దున్నే మీ అన్న దూరి, మూడు బక్కెట్ల నీళ్ళు గుమ్మరించి వచ్చాడు. వాడు రాగానే నువ్వు దూరావు. ఈ ఇంట్లో ఆడవాళ్ళకు బాత్రూము రాసిపెట్టి లేదు," అంది అత్తగారు. నవ్వించబోయింది కాని ఎవరూ నవ్వలేదు.

గడియ తీసిన చప్పుడైంది. చిన్నోడు రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. తల్లి వైపు చూడకుండా వదిన వైపు చూశాడు.

"వదినా, నువ్వొకసారి లోపలికొచ్చి చూడు. సిగ్గుపడితే కుదిరేట్టు లేదు."

కోడలు లోపలికి వెళ్ళింది. తెల్లటి పింగాణీ కమోడులో పాలు పొయ్యని టీ రంగు నీళ్ళు. అంచుల దగ్గర మాత్రం ఎరుపు తెలుస్తోంది.

ఆరేళ్ళుగా రక్తంతోనే ఆమె ఉద్యోగం. మనుషుల రక్తం గాజు సీసాల్లో పోసి, అందులో మలేరియా పురుగును పెంచి, దాన్ని చంపే కొత్త మందు కోసం వెతికే లాబు అది. రక్తం చూసి ఏనాడూ తల తిప్పుకున్న మనిషి కాదు. ఇవాళ మాత్రం గోడ పట్టుకుంది.

మలేరియాలో మూత్రం ఇలా నల్లబడే రకం ఒకటుందని ఆమెకు తెలుసు. అది ప్రాణాలు తీసే రకం. చిన్నోడి రిపోర్టులో ఉన్నది అది కాదు, లివరులో నక్కి మళ్ళీ మళ్ళీ లేచే సాధు రకం. ఏదో కొత్త బిల్డింగులో లిఫ్టు గుంట నిండా నీళ్ళు నిలిస్తే, రెండు రోజులు అందులో దిగి పనిచేశాడు. దోమలు అక్కడివే. ప్రాణాలు తీసే రకం మాత్రం, ఆమెకు తెలిసినంతలో, ఈ ఊళ్ళో ఒక్కచోటే ఉంది. రోజూ తన చేత్తో మేత పోసే గాజు సీసాల్లో.

జ్వరం వచ్చిన రోజు నుంచీ అత్తగారు అన్నది అదే. నీ ఆఫీసు పురుగే నా కొడుకును పట్టింది. కోడలు రిపోర్టు కాయితం తెచ్చి, గీత గీసి, రెండు రకాలకూ తేడా చూపించి, ఆ నోరు మూయించింది. ఇప్పుడా కాయితం ఏమైనా అబద్ధం చెప్పిందా? తన బట్టలకో, గోళ్ళకో అంటుకుని వచ్చిందా? రాదు. అలా వచ్చే జబ్బు కాదు. తెలుసు. తెలిసినా గోళ్ళు వెలుతురులో పెట్టి చూసుకుంది.

"ఏముంది లోపల?" అత్తగారు ఆమెను తోసుకుని వచ్చింది. చూసింది. చూసి, తడి గచ్చు మీదే కూలబడింది.

"మొత్తుకున్నానా లేదా? మా పుట్టింటి మగాళ్ళకు జ్వరం మాత్రలు పడవని చెప్పానా లేదా?"

"అత్తయ్యా, లేవండి. తడి."

"సోమవారం చెప్పాను. మంగళవారం చెప్పాను. చెవిన ఇల్లు కట్టుకుని పోరాను. విన్నావా?"

వినకేం, విన్నది. విని ఏమన్నదో కూడా గుర్తుంది. 'పడకపోవడమేంటి అత్తయ్యా? పుట్టిల్లేదో అత్తిల్లేదో మాత్రకు తెలుస్తుందా? వాళ్ళు మగాళ్ళా ఆడవాళ్ళా అని చూసుకుని లోపలికి వెళుతుందా?' అన్నది. ఇల్లంతా నవ్వింది. చిన్నోడు పక్క మీద దొర్లి నవ్వాడు. అత్తగారు కూడా నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ రోజు నుంచి మాత్ర వేయించే పని కోడలే తీసుకుంది. పద్నాలుగు రోజులు, రోజుకొకటి. ఒక్కటి మానినా లివరులో నక్కిన పురుగు మళ్ళీ లేస్తుంది. రోజూ సాయంత్రం తిండి కాగానే ఎదురుగా కూర్చుని, నీళ్ళు తాగించి, 'నోరు తెరువు, నాలుక ఎత్తు' అని చూసిగాని వదల్లేదు. చిన్నోడు ఆమెకు హాస్టలు వార్డెనని పేరు పెట్టాడు.

"ఆ మాత్రలేవీ?" అంది అత్తగారు.

కోడలు అలమరలోంచి పట్టీ తెచ్చింది. అత్తగారు లాక్కుని, బొటనవేలు జరుపుకుంటూ ఖాళీ గుంటలు లెక్కపెట్టింది.

"ఎన్ని వేశావు?"

"మూడు. సోమ, మంగళ, బుధ."

"ఐదు ఖాళీగా ఉన్నాయి."

కోడలు పట్టీ తీసుకుని చూసింది. నిజమే, ఐదు. వరసగా మూడు, మరో చివర రెండు.

"చిన్నా, నువ్వేమైనా..."

"అమ్మ తోడు వదినా. నువ్వు నోట్లో వేసిన మూడే. పురుగుమందు మీద నాకేం మోజా?"

"అయితే నువ్వే ఒక రోజు మరిచిపోయి రెండేసి వేశావు," అంది అత్తగారు. "ఆఫీసు ధ్యాసలో ఉండి వేశావు."

"నేను లెక్క తప్పను అత్తయ్యా. నా ఉద్యోగమే అది."

"అవును, నువ్వు తప్పవు. మాత్రలే పిల్లలు పెట్టి ఎగిరిపోయాయి!"

ఇంత రభసలోనూ పెద్దకొడుకు, అంటే కోడలి మొగుడు, తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపడతాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కగా బతకడం అలవాటైన మనిషి. అయినా ఈ వారంలో మాత్రం పెళ్ళాం పక్కనే నిలబడ్డాడు. తల్లి ఆఫీసు పురుగు అన్నప్పుడల్లా, 'మా ఆవిడ పురుగు గేటు దాటదమ్మా. దానికి ఐడీ కార్డు లేదు' అని నవ్వించి మాట మళ్ళించాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఈ వారం గడిపింది.

"లెక్కలు తరవాత చూసుకుందురు," అన్నాడు ఇప్పుడు. "ముందు ఆస్పత్రికి పదండి. నేను బండి పిలుస్తాను."

అంటూనే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయాడు.

*

ఆస్పత్రి వరండాలో నాలుగు ఇనుప కుర్చీలు ఒకే కడ్డీకి బిగించి ఉన్నాయి. ఒకరు కదిలితే నలుగురూ కదలాలి. అత్తగారు ఒక చివర, కోడలు మరో చివర కూర్చున్నారు. పెద్దకొడుకు కూర్చోకుండా తిరుగుతున్నాడు. చిన్నోణ్ణి లోపలికి తీసుకెళ్ళి అరగంటైంది.

పొద్దుటి అరుపులే నయం అనిపించింది కోడలికి. అరుస్తుంటే కనీసం ఎదుటి మనిషి ఏమనుకుంటున్నదో తెలుస్తుంది.

చేతిసంచిలో ఫోను మోగింది. చూసి ఆపేసింది. మళ్ళీ మోగింది. మూడోసారి అత్తగారు, "ఎత్తు. పురుగులకు ఆకలేస్తోందేమో," అంది.

పెద్దమేడం. లాబుకు పెద్ద ఆవిడే.

"ఎక్కడున్నారమ్మా?"

"ఆస్పత్రిలో మేడం. మా మరిదికి..."

"అయ్యో. సరే, ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తాను. మీ నలభై ఒకటి సంగతి."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నలభై ఒకటి ఆమె మూడేళ్ళ కష్టం.

ఆ కష్టం సంగతి కాస్త చెప్పాలి. మలేరియా పురుగు ఎర్రకణంలోకి దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ను తిని బతుకుతుంది. తిన్నకొద్దీ విషపు చెత్త పేరుకుని, ఇనుముకు తుప్పు పట్టినట్టు లోపలంతా తుప్పు మొదలవుతుంది. ఆ తుప్పు నుంచి తనను కాపాడుకోవడానికి పురుగు దగ్గర ఒక ఎంజైము ఉంది. లాబులో అందరూ దాన్ని కాపలావాడు అంటారు. మనిషి ఎర్రకణానికీ అలాంటి కాపలావాడే ఒకడు వేరే ఉంటాడు. మనిషి కాపలావాణ్ణి ముట్టుకోకుండా పురుగు కాపలావాణ్ణి మాత్రం కట్టిపడేసే మందు దొరికిందా, పురుగు తన చెత్తలో తానే చస్తుంది. పాత మందులన్నిటికీ అలవాటుపడి మొండికేసిన పురుగుకు ఇదొక కొత్త దెబ్బ. అందుకోసం వరసగా పరీక్షించిన మందుల్లో నలభై ఒకటో నెంబరుది పనిచేసింది. మూడు రోజుల్లో పురుగు చచ్చింది. మళ్ళీ చేస్తే మళ్ళీ చచ్చింది. పెద్దమేడం ఆమె భుజం తట్టింది. రచ్చ గెలిచాననుకుంది కోడలు, ఇంట ఎలా ఉన్నా.

"ఆరుగురు దాతల రక్తంలో మళ్ళీ పెట్టించాను," అంటోంది పెద్దమేడం. "ఐదుగురి రక్తంలో మీ పురుగు సుఖంగా ఉంది. మందు దానికి చక్కిలిగింతలు కూడా పెట్టలేదు. ఒక్క పదిహేడో నెంబరు రక్తంలోనే చచ్చింది."

"పదిహేడు..."

"మీరు ఇన్నాళ్ళూ మందు వేసిన గాజు పళ్ళేలన్నిటిలో పదిహేడో నెంబరు రక్తమే. మందు వెయ్యనివి వేరే రక్తం. చూసుకోలేదా?"

చూసుకుంది. పదిహేడులో పురుగు కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, లెక్కపెట్టడం తేలిక. అందుకని ఆ రక్తం మందు పళ్ళేలకు అట్టేపెట్టేది. మందు లేనివాటికి ఏ రక్తమైతేనేం అనుకుంది. చేతికి సుఖంగా ఉందని పెట్టుకున్న అలవాటు అది.

"ఇంకొకటి. చచ్చింది మీ మందుకు కాదమ్మా. కణాలే పగిలిపోయాయి. పైన తేరిన నీరంతా ఎర్రగా ఉంది. మీ పాత ఫోటోలు తీసి చూశాను. వాటిలోనూ ఆ ఎరుపు ఉంది. పక్కన మీరే రాశారు, రక్తం పీల్చే పిపెట్ గట్టిగా నొక్కడం వల్ల అని."

కోడలి కళ్ళముందు ఫోటోలు లేవు. పొద్దుటి తెల్ల పింగాణీ ఉంది.

"ఆ దాత కణాల్లోనే కాపలావాడు లేడు. పుట్టుకతో ఉండే లోపం. మందు తుప్పు పట్టించింది, ఆపేవాడు లేక కణం పగిలింది, లోపలున్న పురుగు దానితోపాటే పోయింది. ఆ మనిషెవరో మనకు తెలియకూడదు, రూలు ఉందిగా. కాని ఏదో ఒక దారిలో కబురు పెట్టాలి. మలేరియా వచ్చి ఎవరైనా ఆ పద్నాలుగు రోజుల మాత్ర ఇస్తే మనిషి దక్కడు. వింటున్నారా?"

వింటోంది. ఒళ్ళో చిన్నోడి నీళ్ళ సీసా ఉంది. బండిలో వాడికి తాగించి, అలాగే పట్టుకుని వచ్చింది. సీసా మీద చిన్న తెల్ల చీటీ. అంచులు నలిగాయి, అంకె మాత్రం చెరగలేదు.

పదిహేడు.

ఏడాది కిందట తనే వాణ్ణి లాబుకు తీసుకెళ్ళింది, దాతలు దొరకడం లేదని. పేర్లు ఉండకూడదు, అంకెలే ఉండాలి. రక్తం గొట్టాలకు అంటించగా మిగిలిన చీటీని చిన్నోడు సీసాకు అతికించుకున్నాడు. 'నా రక్తం పురుగుల హాస్టలు వదినా. పదిహేడో నెంబరు గది' అని వీధంతా చెప్పుకున్నాడు. రూలు ప్రకారం ఆ చీటీ చింపేయించాల్సింది. వాడి సంతోషం చూసి ఊరుకుంది. తరవాత నెలనెలా వచ్చి రక్తం ఇచ్చిపోయాడు.

నా పురుగు కాదు. ఆ ఊరట ఒక్క క్షణం కలిగింది. కలిగినందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. పురుగు కాదు, తను. సోమ, మంగళ, బుధ. నాలుక ఎత్తించి మరీ.

ఫోను ఎప్పుడు పెట్టేసిందో తెలియలేదు.

"ఏమంటారు మీ వాళ్ళు?" అంది అత్తగారు.

కోడలు సీసా మీది చీటీని అరచేత్తో కప్పింది. చెబితే మూడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు. రూలు తప్పినందుకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అదీ పోనీ. ఈ కుర్చీలో కూర్చున్న తల్లి మొహం చూసి, మీ కొడుక్కి ఆ విషం పెట్టింది నేనే అని ఎలా చెప్పడం? డాక్టర్లే ఎలాగూ కనిపెడతారేమో. సాయంత్రానికి రిపోర్టులు వస్తాయేమో.

లోపలి తలుపు తోసుకుని డ్యూటీ డాక్టరు వచ్చాడు. నిద్ర చాలని కళ్ళు. వెనకే నర్సు, చేతిలో చిన్న కాగితపు గిన్నె.

"మలేరియా ముదిరింది. రక్తం బాగా పడిపోయింది. ఇంజెక్షన్లు మొదలుపెడుతున్నాం. మీరు వేస్తున్న మాత్ర మాత్రం ఆపకూడదు, ఇవాళ్టిది ఇప్పుడే వేసేస్తాం. మీ పట్టీలోదే, మీరు లోపల ఇచ్చారుగా."

కాగితపు గిన్నెలో మాత్ర ఉంది. నర్సు తిరిగి తలుపు వైపు నడిచింది.

"వెయ్యొద్దు!"

వరండాలో వాళ్ళందరూ తిరిగి చూశారు. కోడలు నర్సు చెయ్యి పట్టుకుంది. గిన్నె కిందపడింది. మాత్ర దొర్లుకుంటూ కుర్చీల కిందికి పోయింది.

"ఏంటమ్మా ఇది? మీరు డాక్టరా?" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"కాదు. మలేరియా పురుగులు పెంచుతాను."

"అర్థం కాలేదు."

"మా మరిది రక్తం మా లాబులో ఉంది. తనది ఫలానా నెంబరని నాకు తెలియకూడదు, కాని తెలుసు. ఆ కణాల్లో ఎంజైము లేదు. జి-సిక్స్-పి-డి లోపం. ఆ మాత్రే ఆయన రక్తాన్ని పగలగొడుతోంది. మలేరియా కాదు. మూడు రోజులుగా నేనే వేశాను. నా చేత్తో."

ఒక్క గుక్కలో చెప్పేసింది. అత్తగారు లేచి నిలబడింది. కడ్డీకి బిగించిన కుర్చీలన్నీ కదిలాయి.

డాక్టరు మొహంలో నిద్ర పోయింది. "లాబులో ఎప్పుడు తేలింది?"

"ఇప్పుడే. ఫోనులో."

"పరీక్ష కాయితం ఉందా?"

"లేదు."

"ఉత్త మాట మీద మందు ఆపమంటే ఎలాగమ్మా? కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా జరిగిందా?"

కోడలు అత్తగారి వైపు తిరిగింది. సోమవారం నుంచీ ఆ ప్రశ్న తను అడిగి ఉండాల్సింది. ఇంతసేపటికి, ఇంకెవరో అడగ్గా, తిరిగింది.

"అత్తయ్యా, మీ పుట్టింటి మగాళ్ళకు జ్వరం మాత్రలు పడవన్నారు. ఎవరికి పడలేదు?"

అత్తగారు కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మా తమ్ముడికి. తొమ్మిదేళ్ళవాడు. చలిజ్వరమని ఊరి కాంపౌండరు మాత్రలిచ్చాడు. మూడో రోజుకు జ్వరం పోయి లేచి ఆడుకున్నాడు. అదే రోజు సాయంత్రం ఎర్రగా పోశాడు. మా మేనమామకూ చిన్నప్పుడు అలాగే అయిందిట, ఆయన ఎలాగో బయటపడ్డాడు. తమ్ముడు బయటపడలేదు. మా అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. పిల్లాడికి మందు పడలేదు అంది, అంతే. మాకు అలాగే తెలుసు."

డాక్టరు రాసుకుంటున్నవాడు ఆగాడు. "తమ్ముడు, మేనమామ. ఇది తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది." నర్సు వైపు తిరిగి, "ఆ మాత్ర షీటులో కొట్టేయండి. ఇక వద్దు," అన్నాడు. మళ్ళీ గబగబా లోపలికి వెళ్ళాడు.

"తల్లి ద్వారా అంటే?" అంది అత్తగారు.

కోడలు ఆమె చెయ్యి అందుకుంది. అత్తగారు విడిపించుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు.

"మీరన్న ఒక్క మాటలోనే అంతా ఉంది అత్తయ్యా. పుట్టిల్లు అన్నారు. మగాళ్ళు అన్నారు. పడదు అన్నారు. నేను చదివిన పుస్తకంలోనూ ఇంతకంటే లేదు. నాకే వినబడలేదు. నవ్వాను."

"నేనూ నవ్వానుగా," అంది అత్తగారు. "ఇప్పుడు నేను గెలిచానని సంతోషించమంటావా? నా దగ్గర్నుంచే వెళ్ళిందని ఏడవమంటావా?"

తిట్టినా బాగుండును అనుకుంది కోడలు. అత్తగారు తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, కిందపడ్డ మాత్ర ఎక్కడికి పోయిందో వెతుకుతున్నట్టు నేల చూస్తూ ఉండిపోయింది.

*

పావుగంటలో డాక్టరు మళ్ళీ వచ్చాడు. "రక్తం ఎక్కించాలి, ఆలస్యం చెయ్యకూడదు. ఆయన గ్రూపువాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నాను." పెద్దకొడుకు అప్పటికే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. "ఇద్దరిదీ ఒకటే గ్రూపు. ఎంత కావాలంటే అంత తీసుకోండి."

ఆస్పత్రికి వచ్చాక అతను నోరు విప్పడం అదే. తల్లి లేచి కొడుకు వీపు నిమిరింది.

"వద్దు," అంది కోడలు.

"మళ్ళీ ఏంటి?" అత్తగారు గిర్రున తిరిగింది. "అన్న రక్తం తమ్ముడికి పనికిరాదా? నా పెద్దకొడుకు రక్తానికి ఏమొచ్చింది?"

"ఆయనా మీ కొడుకే అత్తయ్యా."

అనకూడని మాట కాదు. కాని అన్నాక అత్తగారి చెయ్యి కొడుకు వీపు మీదే ఆగిపోయింది.

డాక్టరు తల ఊపాడు. "ఆవిడ చెప్పింది నిజమే. తమ్ముడికి ఉంటే అన్నకూ ఉండొచ్చు. ఆ మాత్ర ఇంకా పేషెంటు ఒంట్లో ఉంది. మళ్ళీ అలాంటి రక్తమే ఎక్కిస్తే అదీ పగులుతుంది. బయట చూస్తాను." ఫోను తీసి పక్కకు వెళ్ళాడు.

పెద్దకొడుకు మడిచిన చెయ్యి అలాగే ఉంది. తమ్ముడికి ఇవ్వడానికి రక్తం కూడా లేకపోయిందని దుఃఖం పొంగినట్టుంది. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కళ్ళజోడు లేని అతని మొహం ఆమె పొద్దున్నుంచీ చూడలేదు. కిటికీ వెలుతురు నేరుగా పడుతోంది. కంటి తెల్లగుడ్డు తెల్లగా లేదు. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుంది.

పట్టీ. వరసగా మూడు, మరో చివర రెండు.

ఆమె దగ్గరికి వెళ్ళింది. గొంతు తగ్గించి అడిగింది. "ఆ రెండూ మీరు వేసుకున్నారా?"

అతను కళ్ళజోడు పెట్టుకోబోయాడు. చెవి దొరకలేదు.

"ఏమండీ, వేసుకున్నారా?"

"ముందుజాగ్రత్తకు."

"దేనికి జాగ్రత్త?"

అతను చెప్పాల్సిన పని లేదు. చిన్నోడి దోమలు లిఫ్టు గుంటలో ఉన్నాయి. ఇంట్లో పక్కన పడుకునేది ఆమె.

"నా పురుగుకు ఐడీ కార్డు లేదన్నారు కదా," అంది.

"అమ్మ ముందు అన్నానే. అది నిజమేనని నేనూ అనుకున్నాను. రాత్రి ఒళ్ళు కాస్త వేడిగా అనిపించేసరికి..."

ఏడుపు, కోపం, భయం అన్నీ ఒక్కసారే వచ్చాయి ఆమెకు. వాటిలో భయమే పెద్దది. మిగిలినవాటిని పక్కకు నెట్టింది. అతని చొక్కా చెయ్యి కిందికి దింపి గుండీ పెట్టింది. పెళ్ళాంలా కాదు, లాబులో మనిషిలా అడిగింది.

"ఎప్పుడెప్పుడు వేసుకున్నారు?"

"మంగళవారం. నిన్న."

"మూత్రం ఏ రంగులో ఉంది?"

అతను తల్లి వైపు చూశాడు. ఆమె కుర్చీల కిందికి వంగి, దొర్లిపోయిన మాత్ర కోసం వెతుకుతోంది.

"పొద్దున చిన్నోడి కంటే ముందు బాత్రూముకు వెళ్ళింది నేనే కదా," అన్నాడు. "ఎవరికీ కనబడకూడదనే మూడు బక్కెట్లు పోశాను."